కోడ్ వార్నింగ్‌కి అసలు కారణాన్ని ఏఐ అసిస్టెంట్‌తో పట్టుకోవడం ఎలా

కంపైలర్ (మన కోడ్‌ని మెషిన్ నడపగలిగే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) వార్నింగ్ ఇచ్చి చూపించిన లైనును ఒక్కదాన్నే కాపీ చేసి ఏఐ అసిస్టెంట్‌కి ఇస్తే, ఆ లైనులో వార్నింగ్ రాకుండా చేసే జవాబే వస్తుంది. మనం అడిగింది అదే మరి. అయితే వార్నింగ్ కనబడిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు ఇంకొకటి కావడం చాలా మామూలు. కంపైలర్‌కి అనుమానం వచ్చింది ఆ లైనులో. అనుమానానికి కారణం నలభై లైన్ల పైన ఉండొచ్చు, వేరే ఫైల్లో ఉండొచ్చు, అసలు కోడ్‌లోనే లేకుండా బిల్డ్ కమాండ్‌లో, అంటే కోడ్ నుంచి ప్రోగ్రాంని తయారుచేసే కమాండ్‌లో ఉండొచ్చు. అక్కడిదాకా వెళ్లడానికి అసిస్టెంట్‌ని ఎలా వాడాలో ఇక్కడ వివరిస్తున్నాం. ఛాట్‌జీపీటీ, క్లాడ్, జెమిని, కోపైలట్‌లలో ఏది వాడినా పద్ధతి ఇదే.

కమాండ్లనూ, వాటికి తగిలించే ఫ్లాగులనూ (ఆప్షన్లనూ) పలికే తీరులో తెలుగులోనే రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటి ఇంగ్లిష్ రూపమే కొట్టాలి. -హెచ్, -ఇ, -ఎక్స్, -ఓ, -డబ్ల్యూలలోనూ వీ=1లోనూ ఆ మొదటి అక్షరం క్యాపిటల్.

ముందు ఒక వార్నింగ్‌ని చివరిదాకా చూద్దాం

సీ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం. కాన్ఫిగ్ ఫైలు నుంచి ఒక లైను చదువుతుంది, స్ట్రడప్ ఫంక్షన్‌తో దానికి నకలు తీస్తుంది, ఆ నకలు అడ్రసును ఒక క్యార్ పాయింటర్‌లో (అక్షరాలున్న చోటి మెమరీ అడ్రసును పట్టుకునే వేరియబుల్‌లో) పెట్టుకుంటుంది. లైనక్స్ మీద జీసీసీ అనే కంపైలర్ 13 లేదా అంతకు ముందు వెర్షన్‌తో -ఎస్‌టీడీ=సీ99, -డబ్ల్యూఆల్ ఫ్లాగులు పెట్టి కంపైల్ చేస్తే ఆ ఒక్క లైనుకే రెండు వార్నింగులు వస్తాయి. మొదటిది ఇంప్లిసిట్ డిక్లరేషన్: స్ట్రడప్ అనే ఫంక్షన్ డిక్లరేషన్ (అది ఏం తీసుకుని ఏం తిరిగి ఇస్తుందో చెప్పే ప్రకటన) కనబడలేదని. రెండోది ఇంట్ కన్వర్షన్: కాస్ట్ (టైపు మారుస్తున్నామని కోడ్‌లో స్పష్టంగా రాయడం) లేకుండా ఇంటీజర్‌ని పాయింటర్‌గా మారుస్తున్నారని.

రెండో వార్నింగ్‌ని ఒక్కదాన్నే అసిస్టెంట్‌కి ఇస్తే, ముందు క్యార్ పాయింటర్ కాస్ట్ పెట్టమనే సలహా రావడానికి చాలా అవకాశం ఉంది. పెడితే ఆ వార్నింగ్ పోయి ఇంకొకటి వస్తుంది: సైజు వేరుగా ఉన్న ఇంటీజర్‌ని పాయింటర్‌గా కాస్ట్ చేస్తున్నారు అని. దాన్ని మళ్లీ అడిగితే మధ్యలో ఇంట్‌పీటీఆర్_టీ (పాయింటర్ పట్టేంత పెద్ద ఇంటీజర్ టైపు) కాస్ట్ పెట్టమంటుంది. ఇప్పుడు అదీ పోతుంది. ప్రోగ్రాం మాత్రం 64 బిట్ మెషిన్ మీద సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (చెల్లని మెమరీ అడ్రసును ముట్టుకున్నందుకు వచ్చే ఎర్రర్‌తో) కూలుతుంది.

కూలడానికి కారణం ఇది. డిక్లరేషన్ కనబడని ఫంక్షన్ ఇంట్ తిరిగి ఇస్తుందని పాత సీ అలవాటు ప్రకారం కంపైలర్ అనుకుంటుంది. ఇంట్ 4 బైట్లు, పాయింటర్ 8 బైట్లు. తిరిగొచ్చిన అడ్రసులో పై 32 బిట్లు రాలిపోతాయి. 32 బిట్ మెషిన్‌లో రెండూ 4 బైట్లే కాబట్టి అదే కోడ్ అక్కడ ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచి ఉండొచ్చు. "పాత సర్వర్‌లో బాగానే ఉండేది" అనే మాట ఎక్కువగా ఇలాంటి చోటే వినబడుతుంది.

పోనీ మొదటి వార్నింగ్‌ని ఇస్తే? స్ట్రింగ్ డాట్ హెచ్ హెడర్‌ని (ఫంక్షన్ల డిక్లరేషన్లు ఉండే ఫైలుని) చేర్చమంటుంది. తీరా చూస్తే అది ఫైలు మొదట్లోనే ఉంది. అసలు సంగతి బిల్డ్ కమాండ్‌లో ఉంది. స్ట్రడప్ సీ99 ప్రమాణంలో లేదు, అది పోసిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఫంక్షన్. సీ23లోనే సీ ప్రమాణంలోకి వచ్చింది. -ఎస్‌టీడీ=సీ99 అని కచ్చితమైన ప్రమాణం కోరగానే జీలిబ్‌సీ (లైనక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీ) హెడర్ ఆ ప్రమాణంలో లేని ఫంక్షన్లను దాచేస్తుంది. హెడర్ ఉంది, అందులో ఆ డిక్లరేషన్ మాత్రం కంపైలర్ కంట పడలేదు. సరైన మార్పు రెండింటిలో ఒకటి: ఫ్లాగును -ఎస్‌టీడీ=గ్నూ99 చేయడం, లేదా _పోసిక్స్_సీ_సోర్స్ మాక్రోని (కంపైల్‌కి ముందే విలువ ఇచ్చి పెట్టుకునే పేరుని) 200809ఎల్ విలువతో డిఫైన్ చేయడం. రెండో దారి పట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ మాక్రో ఫైల్లో మొట్టమొదటి ఇన్‌క్లూడ్ కంటే పైన ఉండాలి. ఏ ఫంక్షన్లు చూపాలన్నది మొదటి హెడర్ చదివినప్పుడే నిర్ణయమైపోతుంది, తర్వాత డిఫైన్ చేసినా ఫలితం ఉండదు. మాక్రో పెట్టినా వార్నింగ్ పోలేదు అంటే ముందు చూడాల్సింది ఇదే.

2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి ఈ రెండు వార్నింగులూ డిఫాల్ట్‌గా ఎర్రర్లు అయ్యాయి. అందుకే కంపైలర్ అప్‌గ్రేడ్ చేశాక పాత ప్రాజెక్టులు ఆగిపోతున్నాయి. అసిస్టెంట్ -ఎఫ్‌పర్మిసివ్ పెట్టమనో, పాత కంపైలర్‌కి వెళ్లమనో చెప్పొచ్చు. రెండూ ఆ తెగిపోయిన అడ్రసును మళ్లీ ప్రొడక్షన్‌లోకి పంపే దారులే.

ఇక్కడ అసిస్టెంట్‌కి కావలసింది ఒకే ఒక్క ముక్క, పూర్తి కంపైల్ కమాండ్. అది లేకపోతే ఎంత అనుభవం ఉన్న మనిషి అయినా ఊహించడమే తప్ప తేల్చలేడు.

చాట్ తెరవకముందు చేయాల్సినవి

మొదట క్లీన్ బిల్డ్ చేయండి, అంటే అన్ని ఫైళ్లనూ మొదటి నుంచి కంపైల్ చేయండి. ఇంక్రిమెంటల్ బిల్డ్‌లో మారని ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు, వాటి వార్నింగులు లాగ్‌లో ఉండవు. సగం లాగ్ చూసి "ఈ ఒక్క చోటే వస్తోంది" అని అసిస్టెంట్‌కి చెప్తే దాని ఆలోచన అక్కడే పక్కదారి పడుతుంది. బిల్డ్ నడిపే మేక్ కమాండ్‌ని -జే1తో నడపండి. ఎనిమిది జాబులు ఒకేసారి నడిస్తే ఒక ఫైలు వార్నింగ్ మధ్యలోకి ఇంకో ఫైలు నోట్ వచ్చి కలుస్తుంది. లాగ్‌ని ఫైల్లోకి మళ్లించేటప్పుడు స్టాండర్డ్ ఎర్రర్‌ని కూడా కలపడం మర్చిపోవద్దు, వార్నింగులు వచ్చేది అందులోనే.

తర్వాత లెక్క తీయండి. జీసీసీ, క్లాంగ్ (ఇంకో సీ కంపైలర్) దాదాపు ప్రతి వార్నింగ్ చివర చదరపు బ్రాకెట్లలో ఏ ఫ్లాగు వల్ల అది వచ్చిందో రాస్తాయి. టెక్స్ట్‌లో వెతికే గ్రెప్ కమాండ్‌తో ఆ ముక్కను తీసి, సార్ట్ చేసి, యూనీక్ -సీతో లెక్కపెడితే ఏ రకం ఎన్ని అని ఒక పట్టిక వస్తుంది. మూడు వందల వార్నింగుల్లో రెండు వందల ఎనభై ఒకే హెడర్‌లోని ఒకే లైను నుంచి వచ్చాయని చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది. ఆ హెడర్‌ని ఎన్ని ఫైళ్లు చేర్చుకుంటే అన్నిసార్లు అదే మాట. అలాంటప్పుడు అసిస్టెంట్‌కి మూడు వందల లైన్ల లాగ్ పోయడం కంటే ఆ పట్టిక, ప్రతి రకానికి ఒక నమూనా ఇవ్వడం మేలు.

ఒకే ఫైల్లో వరసగా చాలా వస్తే అన్నిటికంటే పైదాన్ని పట్టుకోండి. కింద ఉన్నవి దాని పిల్లలు కావచ్చు. పై ఉదాహరణలో ఇంట్ కన్వర్షన్ అలా పుట్టిందే.

అసిస్టెంట్‌కి ఇవ్వాల్సిన మూట

వార్నింగ్ మాట ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి, కింద వచ్చే నోట్ లైన్లతో సహా. "ఇన్ ఎక్స్‌పాన్షన్ ఆఫ్ మాక్రో", "డిక్లేర్డ్ హియర్" లాంటి నోట్లే దారి చూపిస్తాయి, జనం వాటినే కత్తిరించేస్తారు. ప్రశ్న తెలుగులో అడగొచ్చు, తెలుగు ఇంగ్లిష్ కలిపి అడిగినా సరే. వార్నింగ్ మాటను మాత్రం తెలుగు చేయొద్దు. అందులో ఒక్క పదం మారినా వేరే వార్నింగ్ అవుతుంది.

కంపైలర్ లేదా ఇంటర్‌ప్రెటర్ వెర్షన్ ఇవ్వాలి, వాడుతున్న లైబ్రరీల వెర్షన్లు కూడా. అసిస్టెంట్‌కి తెలిసినవన్నీ ఒకే వెర్షన్‌కి చెందినవి కావు. వెర్షన్ చెప్పకపోతే అన్ని కాలాల సలహాలూ కలిపి వడ్డిస్తుంది. పూర్తి కంపైల్ కమాండ్ కోసం మేక్ అయితే చాలా ప్రాజెక్టుల్లో వీ=1, నింజా అయితే -వీ, సీమేక్ అయితే కంపైల్_కమాండ్స్ డాట్ జేసన్ చూడండి. కోడ్ విషయానికొస్తే, వార్నింగ్ వచ్చిన ఫంక్షన్ మొత్తం, అందులో వాడిన టైపుల నిర్వచనాలు, ఫైలు పైన ఉన్న ఇన్‌క్లూడ్ లేదా ఇంపోర్ట్ లైన్లు, ఆ ఫంక్షన్‌ని పిలిచే చోటు ఒకటి చాలు. ప్రాజెక్టు మొత్తం గుమ్మరిస్తే మేలు జరుగుతుందనుకోవద్దు, సంబంధం లేని కోడ్‌లో కూడా అది కారణాలు వెతికి పెడుతుంది.

చివరగా, మీరు ఇప్పటికే ఏం చేసి చూశారు, ఏమైంది. ఇది రాయకపోతే మొదటి రెండు సలహాలు మీరు ఇదివరకే చేసి విఫలమైనవే అవుతాయి.

పంపే ముందు ఒకసారి తీసేయాల్సినవి తీసేయండి: ఏపీఐ కీలు, పాస్‌వర్డ్‌లు, డేటాబేస్ అడ్రసులు, లాగ్‌లో దొర్లిన కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు. సర్వీస్ కంపెనీలో క్లయింట్ కోడ్ మీద పని చేసేవాళ్లు బయటి అసిస్టెంట్‌కి ఆ కోడ్ ఇవ్వడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. అనుమతి లేకపోతే అదే వార్నింగ్ వచ్చే ఇరవై లైన్ల చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసి దాన్ని ఇవ్వండి. ఆ చిన్న ప్రోగ్రాం రాస్తుండగానే సగం సార్లు కారణం మీకే దొరికిపోతుంది.

ప్రశ్న ఎలా వేయాలి

"దీన్ని ఎలా ఫిక్స్ చేయాలి" అని అడగడంతోనే పని చెడుతుంది. ఫిక్స్ అడగ్గానే అది కారణం మీద ఆగకుండా ఫిక్స్ రాయడానికి పరుగెత్తుతుంది. రాసేశాక దాన్ని సమర్థించే కారణం వెతుక్కుంటుంది. అందుకని మొదటి ప్రశ్నలో ఫిక్స్‌ని నిషేధించండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"కింద వార్నింగ్, వెర్షన్లు, కంపైల్ కమాండ్, కోడ్ ఉన్నాయి. ఇప్పుడే ఫిక్స్ ఇవ్వొద్దు. ఈ వార్నింగ్‌కి కారణం కాగలిగినవి మూడు చెప్పు, కనీసం ఒకటి ఈ ఫంక్షన్ బయట ఉండాలి. ఒక్కో కారణానికి మూడు విషయాలు రాయి: అది నిజమైతే ఇంకేం కనబడాలి, అది అబద్ధమైతే ఏం కనబడకూడదు, రెండింటినీ తేల్చడానికి నేను నడపగలిగే అతి చిన్న కమాండ్ ఏది. నీకు తెలియాల్సింది ఇందులో లేకపోతే ఊహించకుండా అడుగు."

"కనీసం ఒకటి ఈ ఫంక్షన్ బయట" అన్న షరతు చాలా ముఖ్యం. అది లేకపోతే మూడు కారణాలూ కళ్లముందున్న లైను చుట్టూనే తిరుగుతాయి. చివరి వాక్యం కూడా వదలొద్దు. అడిగే అవకాశం ఇస్తే చాలాసార్లు అదే కంపైల్ కమాండ్ అడుగుతుంది.

మీ అనుమానాన్ని ప్రశ్నలో పెట్టొద్దు. "ఇది హెడర్ సమస్యే కదా" అంటే అవునంటుంది, దానికి తగ్గ వివరణ కూడా అల్లుతుంది. మీకు బలమైన అనుమానం ఉంటే కొత్త చాట్‌లో దాన్ని చెప్పకుండా అడిగి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూడండి.

చెప్పిన కారణాన్ని పరీక్షకు పెట్టడం

స్ట్రడప్ ఉదాహరణకే వద్దాం. మూడు కారణాలు వచ్చాయనుకోండి: హెడర్ చేర్చలేదు, పేరు తప్పుగా రాశారు, ప్రమాణం ఫ్లాగు దాన్ని దాచింది. మొదటిదాన్ని తేల్చడానికి జీసీసీకి -హెచ్ ఇవ్వండి, చదివిన ప్రతి హెడర్‌నీ చెట్టులా చూపిస్తుంది. స్ట్రింగ్ డాట్ హెచ్ అందులో ఉంటే మొదటి కారణం పోయినట్టే. తర్వాత -ఇ ఇచ్చి ప్రీప్రాసెసర్ (కంపైల్‌కి ముందు హెడర్లనూ మాక్రోలనూ కోడ్‌లో కలిపే దశ) తయారుచేసిన ఫలితంలో స్ట్రడప్ కోసం వెతకండి. సీ99తో మీ పిలుపు ఒక్కటే దొరుకుతుంది, డిక్లరేషన్ దొరకదు. గ్నూ99తో డిక్లరేషన్ కూడా దొరుకుతుంది. మూడో కారణానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. ఫ్లాగు మార్చి, అదే చేత్తో ఒక కాస్ట్ కూడా పెట్టేస్తే వార్నింగ్ దేనివల్ల పోయిందో ఇక తేలదు. మార్చాక వార్నింగ్ పోవాలి, మార్పు వెనక్కి తీసుకుంటే మళ్లీ అదే వార్నింగ్ రావాలి. రెండో సగం చాలామంది చేయరు. వెనక్కి తీసుకున్నా వార్నింగ్ రాకపోతే, పోయింది మీ మార్పు వల్ల కాదు, ఇంక్రిమెంటల్ బిల్డ్ ఆ ఫైలుని ముట్టుకోకపోవడం వల్ల కావచ్చు.

వచ్చిన ఔట్‌పుట్ మొత్తం, అసిస్టెంట్ ఊహకి ఎదురుగా ఉన్నా సరే, అలాగే తిరిగి ఇవ్వండి. "పని చేయలేదు" అన్న రెండు మాటలు ఇస్తే దానికి నేర్చుకోవడానికేం ఉండదు, జాబితాలో తర్వాతి మందు రాసిస్తుంది.

అది ఇచ్చే ఫ్లాగులను కూడా సరిచూసుకోండి. వినడానికి నిజంలా ఉండే, ఎక్కడా లేని ఫ్లాగులు రాయడం ఈ అసిస్టెంట్లకి ఉన్న జబ్బు. జీసీసీకి --హెల్ప్=వార్నింగ్స్ ఇస్తే ఉన్నవన్నీ చూపిస్తుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, -డబ్ల్యూనో- అని మొదలయ్యే తెలియని ఫ్లాగు ఇస్తే, వేరే వార్నింగ్ ఏదీ రానంతవరకు జీసీసీ దాని గురించి నోరు మెదపదు. పనిచేసిందని పొరబడతాం.

లైను నంబరు దారి తప్పించే వార్నింగులు

పైథాన్‌లో రిసోర్స్ వార్నింగ్ దీనికి మంచి ఉదాహరణ. ఫైలు తెరిచి మూయకుండా వదిలేస్తే, ఆ ఆబ్జెక్టు మెమరీ నుంచి తొలగే క్షణంలో వార్నింగ్ వస్తుంది. ఆ క్షణంలో నడుస్తున్న లైను ఏదైతే అదే లాగ్‌లో కనబడుతుంది. దానికీ ఫైలుకీ ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. ఆ లైనుని అసిస్టెంట్‌కి ఇస్తే అమాయకమైన కోడ్‌ని తిరగరాస్తుంది. ముందు -ఎక్స్ ట్రేస్‌మలాక్=25 పెట్టి నడపండి. అప్పుడు వార్నింగ్ కింద ఆ ఆబ్జెక్టు ఎక్కడ పుట్టిందో 25 ఫ్రేముల దాకా (ఏ ఫంక్షన్‌ని ఏది పిలిచిందో ఆ వరసలో 25 మెట్లు) చూపిస్తుంది. అసిస్టెంట్‌కి ఇవ్వాల్సింది ఆ ట్రేస్. ఈ వార్నింగ్ మామూలుగా దాచి ఉంటుంది, -ఎక్స్ డెవ్ లేదా -డబ్ల్యూ డిఫాల్ట్ పెడితేనే బయటికి వస్తుంది.

డెప్రికేషన్ వార్నింగ్ (ఇకముందు తీసేయబోయే ఫంక్షన్ వాడారనే హెచ్చరిక) లైబ్రరీ లోపలి లైనుని చూపిస్తుంటే -డబ్ల్యూ ఎర్రర్‌తో నడపండి. వార్నింగ్ ఎక్సెప్షన్‌గా మారి పూర్తి ట్రేస్‌బ్యాక్ వస్తుంది, అందులో మీ కోడ్ ఏ లైను నుంచి ఆ లోపలికి వెళ్లిందో ఉంటుంది. పైథాన్ 3.12 నుంచి యూటీసీనౌ (టైమ్‌జోన్ గుర్తు లేకుండా యూటీసీ సమయం ఇచ్చే ఫంక్షన్) పిలిస్తే వచ్చే వార్నింగ్ ఇలాంటిదే. అసిస్టెంట్ దాన్ని టైమ్‌జోన్ ఉన్న నౌతో మార్చేస్తుంది, మార్పు సరైనదే. కాని డేటాబేస్ నుంచి వచ్చే పాత విలువలకి టైమ్‌జోన్ లేకపోతే, రెండింటిలో ఏది ముందో ఏది తర్వాతో పోల్చే మొదటి చోటే టైప్ ఎర్రర్ వస్తుంది. నిజమైన మూలం ఆ ప్రాజెక్టులో సమయాన్ని ఎక్కడా టైమ్‌జోన్‌తో దాచకపోవడం. ఒక్క లైను మార్చి ఊరుకుంటే, ఐఎస్‌టీకీ యూటీసీకీ ఉన్న అయిదున్నర గంటల తేడా మరో చోట బయటపడుతుంది. అందుకే "ఈ విలువ ఎక్కడ పుడుతుంది, ఎక్కడెక్కడికి వెళ్తుంది" అని అడిగి ఆ దారి మొత్తం రాయించుకోండి.

సీలో మేబీ అన్‌ఇనిషియలైజ్డ్ వార్నింగ్ (విలువ పెట్టని వేరియబుల్‌ని వాడుతున్నారేమో అనేది) -ఓ2లో, అంటే ఆప్టిమైజేషన్ ఉన్నప్పుడు వచ్చి, అది లేని -ఓ0లో మాయమవుతుంది. దానికి కావలసిన విశ్లేషణ ఆప్టిమైజేషన్‌తో పాటే జరుగుతుంది, అంతే. మాయమైతే తప్పు పోయినట్టు కాదు. అసిస్టెంట్ దాదాపు ఎప్పుడూ చెప్పే మందు: వేరియబుల్‌కి సున్నా పెట్టు. విలువ నింపాల్సిన ఫంక్షన్ ఎర్రర్ కోడ్ తిరిగి ఇస్తే దాన్ని మీరు చూడకపోవడమే మూలమైతే, ఆ సున్నా ఇక నిజమైన విలువలా లోపలికి వెళ్లిపోతుంది. పైగా ప్రోగ్రాం నడుస్తుండగా మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కూడా ఇక పట్టుకోలేదు. "ఈ వేరియబుల్ నిండకుండా వాడకం దాకా వచ్చే దారిని లైను లైనుగా చూపించు" అని అడగండి. దారి చూపలేకపోతే అప్పుడు కంపైలర్ అతిజాగ్రత్త అనుకోవచ్చు.

మీ ఉద్దేశం దానికి తెలియదు

పైథాన్‌లో పట్టికల డేటాకి వాడే పాండాస్ లైబ్రరీలో సెట్టింగ్ విత్ కాపీ వార్నింగ్ వెర్షన్ 2 దాకా ఎంతోమందిని విసిగించింది. ఒక డేటాఫ్రేమ్ (పట్టిక) నుంచి ఒక జిల్లా వరసలే వడగట్టి వేరే పేరు పెడతారు. ముప్పై లైన్ల తర్వాత ఆ వడగట్టిన దానికి కొత్త కాలమ్ చేరుస్తారు. వార్నింగ్ అక్కడ వస్తుంది. డాట్ లాక్ (వరసలూ కాలమ్ పేరూ చెప్పి విలువ పెట్టే పద్ధతి) వాడి చూడమని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది, అసిస్టెంట్ కూడా అదే చదివి వినిపిస్తుంది. వార్నింగ్ లైనులో లాక్ పెట్టినా అది మళ్లీ వస్తుంది, ఎందుకంటే వడగట్టినది ఇంకా పాత ఫ్రేమ్‌తో ముడిపడి ఉందన్న గుర్తు పాండాస్ దగ్గర అలాగే ఉంది. తేల్చాల్సింది పై లైనులో, వడగట్టిన చోట.

అక్కడ అసలు ప్రశ్న సాంకేతికమైనది కాదు. మార్పు మూల ఫ్రేమ్‌లో కనబడాలా, అక్కర్లేదా? కనబడాలంటే వడగట్టడం మానేసి, మూల ఫ్రేమ్ మీదే లాక్‌లో షరతు, కాలమ్ పేరు రెండూ ఒకేసారి ఇచ్చి విలువ పెట్టాలి. అక్కర్లేదంటే వడగట్టిన లైను చివర డాట్ కాపీ పెట్టాలి, పెద్ద ఫ్రేమ్ అయితే ఆ మేరకు మెమరీ లెక్కేసుకోవాలి. ఈ రెండింటిలో మీకు కావలసిందేదో అసిస్టెంట్ కోడ్ చూసి చెప్పలేదు. చెప్పకపోతే కాపీనే పెడుతుంది, వార్నింగ్ పోతుంది, నెలాఖరు రిపోర్టులో ఒక కాలమ్ ఖాళీగా వస్తుంది.

వార్నింగ్‌ని ఆప్షన్‌తో మొత్తంగా ఆపేయమనే సలహా కూడా వస్తుంది. ఇక్కడ అది మరీ ప్రమాదం. పాండాస్ 3లో కాపీ ఆన్ రైట్ డిఫాల్ట్ అయింది, ఆ వార్నింగ్‌నే తీసేశారు. వడగట్టిన దాంట్లో చేసిన మార్పు మూల ఫ్రేమ్‌కి ఎప్పటికీ వెళ్లదు. పాత వెర్షన్‌లో ఆ మార్పు మూలానికి వెళ్తుందని నమ్మి రాసిన కోడ్ ఏదైనా ఉంటే, దాన్ని బయటపెట్టగలిగిన హెచ్చరికను మీరే ఆపేసుకున్నట్టవుతుంది.

మెసేజ్‌లోనే పక్కదారి సలహా ఉన్న మరో వార్నింగ్, జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపే నోడ్ జేఎస్‌ది. ఒక ఈవెంట్‌కి 11వ లిజనర్ (ఆ ఈవెంట్ జరిగినప్పుడు నడిచే ఫంక్షన్) చేరగానే, మెమరీ లీక్ కావచ్చు అని చెప్పి, సెట్ మ్యాక్స్ లిజనర్స్‌తో పరిమితి పెంచుకోమంటుంది. డిఫాల్ట్ పరిమితి 10. అసిస్టెంట్ పరిమితిని 50 చేస్తుంది. లీక్ నిజమైతే మళ్లీ వార్నింగ్ రావడానికి కొంత సమయం పడుతుంది, అంతే తేడా. --ట్రేస్-వార్నింగ్స్‌తో నడిపితే 11వ లిజనర్ ఎక్కడ చేరిందో స్టాక్ వస్తుంది. దాంతోపాటు ప్రతి వంద రిక్వెస్టులకి ఒకసారి లిజనర్ కౌంట్ ప్రింట్ చేయండి. ఆ సంఖ్య రిక్వెస్టులతో పాటు పెరుగుతూ పోతే, అందరూ పంచుకునే ఎమిటర్ (ఈవెంట్లు పంపే ఆబ్జెక్టు) మీద రిక్వెస్ట్ హ్యాండ్లర్ లోపల ఆన్ పిలుస్తున్నారు. తీసేసే పిలుపు ఎక్కడో తప్పిపోయింది. 12 దగ్గర ఆగిపోతే పన్నెండు మాడ్యూళ్లు న్యాయంగానే వింటున్నాయి, పరిమితిని 12 చేయండి, 50 వద్దు. ఈ కొలత లేకుండా ఈ రెంటినీ వేరుచేయలేం, ఎందుకంటే ఒక ఎమిటర్‌లో ఒక ఈవెంట్‌కి ఆ వార్నింగ్ ఒక్కసారే ప్రింట్ అవుతుంది. లాగ్‌లో ఒకటే ఉంది కాబట్టి చిన్న విషయమని అసిస్టెంట్ అనొచ్చు, ఒప్పుకోవద్దు.

ఎప్పటి నుంచి వస్తోందో తేల్చడం

వార్నింగ్ నిన్నటిదాకా లేకుండా ఈ రోజు వచ్చిందంటే అసిస్టెంట్ తర్కం కంటే గిట్ బైసెక్ట్ (కమిట్ల వరసని సగం సగం చేస్తూ తప్పు మొదలైన కమిట్‌ని వెతికే కమాండ్) వేగంగా పని చేస్తుంది. వెయ్యి కమిట్లుంటే పది అడుగుల్లో తేలిపోతుంది. అసిస్టెంట్‌తో చేయించాల్సింది దానికి కావలసిన చిన్న స్క్రిప్ట్: క్లీన్ బిల్డ్ చేసి, ఆ వార్నింగ్ లాగ్‌లో ఉంటే 1, లేకపోతే 0, బిల్డే కాకపోతే 125 తిరిగి ఇవ్వాలి. 125 అంటే ఆ కమిట్‌ని దాటెయ్ అని అర్థం. ఇది చెప్పకపోతే బిల్డ్ విరిగిన కమిట్లను కూడా మంచివిగానో చెడ్డవిగానో లెక్కేసి తప్పుడు కమిట్‌ని చూపిస్తుంది. దొరికిన కమిట్ డిఫ్‌ని (ఏ లైన్లు మారాయో చూపే జాబితాని) వార్నింగ్‌తో పాటు ఇచ్చి అప్పుడు కారణం అడగండి, జవాబు నాణ్యతలో తేడా వెంటనే కనబడుతుంది. పాత కమిట్‌లో కూడా వార్నింగ్ వస్తోందంటే మారింది కోడ్ కాదు. కంపైలర్, లైబ్రరీ, డాకర్ ఇమేజ్, వీటిలో ఏది మారిందో చూడాలి.

ఎడిటర్‌లోనే ఉండి ఫైళ్లు మార్చే ఏజెంట్‌కి అప్పగిస్తే

వేరే బ్రాంచ్ తీయండి, మొదటి దశలో చదవడానికి, కమాండ్లు నడపడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. "వార్నింగులు సున్నా చెయ్" అని లక్ష్యం పెట్టొద్దు. ఆ లక్ష్యానికి అతి దగ్గరి దారి వార్నింగ్‌ని దాచేయడమే. మార్పులు వచ్చాక డిఫ్‌లో ముందు వీటి కోసం వెతకండి: వార్నింగ్‌ని నోరు మూయించే గుర్తులైన నోక్యూఏ, టైప్ ఇగ్నోర్, ఈఎస్‌లింట్ డిజేబుల్, నోలింట్, ప్రాగ్మా డయాగ్నస్టిక్ ఇగ్నోర్డ్, కొత్తగా వచ్చిన కాస్ట్‌లు, అన్నిటినీ మింగేసే ఎక్సెప్ట్, బిల్డ్ ఫైల్లో తగ్గిన ఫ్లాగులు. ఒక్కటి దొరికినా దానికి కారణం రాయించి, నమ్మకం కుదరకపోతే తిప్పి పంపండి. రియాక్ట్ ప్రాజెక్టుల్లో అదనంగా యూజ్ ఎఫెక్ట్ డిపెండెన్సీ వార్నింగ్‌ని (ఏవి మారితే ఎఫెక్ట్ మళ్లీ నడవాలో చెప్పే జాబితాలో ఏదో తప్పిపోయిందనేది) చూడాలి. ఏజెంట్ జాబితాలో ఫంక్షన్ పేరు చేర్చేస్తుంది, ఆ ఫంక్షన్ కాంపోనెంట్ లోపల ప్రతి రెండర్‌కీ కొత్తగా పుడుతుంటే ఎఫెక్ట్ ప్రతిసారీ నడుస్తుంది. లోపల స్టేట్ మారిస్తే ఇక ఆగదు. ఫంక్షన్‌ని ఎఫెక్ట్ లోపలికో, కాంపోనెంట్ బయటికో జరపడం ఎక్కువసార్లు సరైన మార్పు.

సరిచేశాక

దొరికిన కారణాన్ని కమిట్ మెసేజ్‌లో రెండు వాక్యాల్లో రాయండి, ఏ పరీక్షతో తేలిందో కూడా. తర్వాత ఆ ఒక్క రకం వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చండి. జీసీసీలో -డబ్ల్యూఎర్రర్= తర్వాత ఆ వార్నింగ్ పేరు, పైథాన్ పరీక్షలు నడిపే పైటెస్ట్‌లో ఫిల్టర్ వార్నింగ్స్‌లో ఎర్రర్ వరస. అన్ని వార్నింగులనూ ఎర్రర్లు చేసే మొత్తం -డబ్ల్యూఎర్రర్‌ని సీఐలో (ప్రతి మార్పుకీ మీ సర్వర్‌లో తనంతట నడిచే బిల్డ్‌లో) పెట్టుకోవచ్చు. బయటివాళ్లు బిల్డ్ చేసుకునే సోర్స్‌లో పెట్టొద్దు, కొత్త కంపైలర్ కొత్త వార్నింగ్ ఒకటి కనిపెట్టిన రోజు వాళ్ల బిల్డ్ ఏ తప్పూ లేకుండా ఆగిపోతుంది.

నిజంగానే కంపైలర్ అనుమానం తప్పని తేలితే ఆపేయడం న్యాయమే. అప్పుడు ఆ ఒక్క లైనుకి, ఆ ఒక్క వార్నింగ్ పేరుతో ఆపండి. ఎందుకు సురక్షితమో, ఏ వెర్షన్‌లో చూశారో పక్కనే కామెంట్ రాయండి. కంపైలర్ మారినప్పుడల్లా ఆ కామెంట్లను వెతికి, ఆపిన చోట మళ్లీ తెరిచి చూడండి.